మా అనాలి
గోరుమీద ఎర్రసిరా మరకతో ఆయన పదిహేడో పేజీ మీదికి వంగాడు. కళ్లద్దాలు ముక్కు కొసకు జారాయి. అది ప్రార్థనల పుస్తకం. పైన పవిత్ర గ్రంథంలోని అరబీ వేడుకోలు, కింద తెలుగు అర్థం. వేలు ఒక్కో అక్షరం దగ్గర ఆగి, పైచుక్కా కిందగీతా సరిచూసుకుని కదులుతోంది. ముప్పై ఏళ్లుగా అదే పని. అచ్చాఫీసులో అందరికీ ఆయన చుక్కల బాబాయ్.

"ఇదేంటమ్మా, 'నా ప్రభూ' అని కొట్టావ్?"

కంపోజింగ్ అమ్మాయి తల తిప్పలేదు. "రబ్బనా అనుందిగా బాబాయ్. చివర్న 'నా' ఉందని..."

"ఆ 'నా' తెలుగు 'నా' కాదు. ఒక్కడే అడిగితే రబ్బీ. పదిమంది తరఫున అడిగితే రబ్బనా. 'మా ప్రభూ' అనాలి."

"పోనీ, 'మన ప్రభూ' అంటే?"

"మా ఇల్లు అంటే పక్కింటాయన గుమ్మం బయటే ఉంటాడు. మన ఇల్లు అన్నావనుకో, వాటాకొస్తాడు! 'మన' అంటే వినేవాణ్ణి కూడా కలిపేసుకున్నట్టే. దేవుడితో అలా అనొచ్చా? అరబీలో రెంటికీ ఒకటే మాట. తెలుగే ఇరుకున పెడుతుంది."

"పొద్దున్నే ఇంకెవర్నో దిద్ది వచ్చినట్టున్నారు" అని నవ్వింది అమ్మాయి.

ఆయన నవ్వలేదు. పొద్దున దిద్దింది భార్యని. రెండు నెలలుగా మంచం పట్టిన మనిషి. చదువు రాదు. ఆయన చెప్పిన అర్థాలు విని తెలుగులోనే వేడుకునేది. పెళ్లయిన నాటినుంచీ "మన ప్రభూ" అనే అనేది. ఆయన ఈ ఇంటి లెక్కే చెప్పి, "మా అనాలి" అనేవాడు. "సరేనండీ" అనేది. మర్నాడు మళ్లీ "మన" అనే అనేది. ఇవాళ మాట పెగలని గొంతుతో అన్నా ఊరుకోలేదు, దిద్దాడు. ఆమె సరేనండీ అనలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, అమ్మ నిన్ను అడుగుతోంది. డాక్టరు చూసి, ఇంక ఇంజెక్షన్లు వద్దన్నాడు. వచ్చెయ్."

మొదటిసారి పేజీ సగంలో వదిలేసి ఆయన లేచాడు. కలానికి మూత పెట్టడం కూడా మరిచాడు.

గదిలో కూతురు తడిగుడ్డతో తల్లి పెదాలు అద్దుతోంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. ఆయన్ని చూశాక ఆ పెదాలు కదిలాయి.

"మన ప్రభూ... మనల్ని క్షమించు."

అలవాటు కొద్దీ ఆయన నోరు తెరుచుకుంది. ఆమె కనిపెట్టింది.

"ఎప్పుడూ పక్కన వినేది మీరేగా అండీ. మా అంటే... మీరు గుమ్మం బయటే ఉండిపోరూ?"

ఆయన మంచంపట్టె మీద కూలబడ్డాడు. చేత్తో ఆమె వేళ్లు వెతికి పట్టుకున్నాడు.

"మన ప్రభూ" అన్నాడు. పాఠం రాని పిల్లాడిలా మాట తడబడింది. "మనల్ని..."

ఆమె వెంట పలికింది. రెండోసారి ఆయన ఒక్కడే పలికాడు. మూడోసారి అంటూండగా కూతురు లేచి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

సాయంత్రానికి ఇల్లు మనుషులతో నిండింది. దారికి అడ్డమని ఎవరో గుమ్మంలోని చెప్పులన్నీ పక్కకు నెట్టారు. ఆమె జత గోడవారగా ఆగింది. ఆమె మంచం పట్టిన వారమే ఎడమచెప్పుకి ఆయన కొత్త పట్టీ వేయించాడు. దాని మీద ఇంకా ఒక్క మడతైనా పడలేదు.