పైన కురిసిన వాన

మావారు రామకోటేశ్వరరావు గారు సైన్సు మాస్టారు. ఎండా వానా ఎందుకొస్తాయో జిల్లాలో ఎవరడిగినా చెబుతారు. ఇంట్లో ఫ్యాను ఎందుకాగిందో మాత్రం నన్నడుగుతారు. తడి తువ్వాలు మంచం మీద పడేసి, గదిలో తేమ ఎక్కువైందని నాకే చెబుతారు. ఇలాంటి మనిషితో పాతికేళ్లుగా వేగుతున్నాను. సన్మానాలేమీ వద్దు, ఊరికే తెలిసుండాలని చెబుతున్నా.

ఈ వేసవిలో టీచర్లకు వాతావరణ పాఠాలు ఎలా చెప్పాలో నేర్పే శిక్షణ కంకిపాడు హైస్కూల్లో పెట్టారు. నేర్పేది ఈయనే. వరద పాఠానికి నమూనా మాత్రం నా వంటింట్లోనే తయారైంది. పెద్ద పళ్లెం ఒకవైపు ఎత్తి, పై అంచున నూనె రాసిన చపాతీపిండి కొండలు, మధ్యలో వాగు, దిగువన అగ్గిపెట్టెల ఇళ్లు. కొండల మీద జల్లెడతో నీళ్లు పోస్తే, దిగువన చుక్క పడకపోయినా ఇళ్లు మునుగుతాయి. నీళ్లు పోయడానికి నన్నూ తీసుకెళ్లారు.

"పిల్లలకు ఇది మన ఊళ్లో జరిగిన సంగతితో కలిపి చెబితే బాగుంటుందేమో సార్" అంది సత్యశ్రీ అనే కుర్ర టీచరు.

"మా ఇంటి సంగతే ఉందిగా" అన్నారు ఈయన హుషారుగా. "మాది సింగ్‌నగర్. మొన్నటి పెద్ద వరద రోజు పొద్దున మా దగ్గర వాన తెరిపిచ్చింది. మైలవరం నుంచి మా మరదలు ఫోన్ చేసి, ఇక్కడ వాగులు పొంగాయి, ఈ నీళ్లన్నీ మీ మీదకే వస్తాయి, బయల్దేరండి అంది. నేను సంచి సర్దాను. మా ఆవిడేమో, ఆకాశం ఇంత తేటగా ఉంటే వరదేంటండీ, పచ్చళ్ల జాడీలు వదిలి నేను రాను అంది. ఇదిగో, ఈవిడే."

అందరూ నవ్వారు. జల్లెడ నా చేతిలోనే ఉంది.

సంచి సర్దింది నేను. డాబా ఎక్కి చూసొచ్చి, మబ్బు విడిపోయింది, సైన్సు చదివింది నేనా నీ చెల్లెలా అన్నది ఆయన. మధ్యాహ్నానికి నీళ్లు గడప దాటాయి. మా అత్తగారు సుబ్బరత్నం గారిని మెట్ల మీంచి పడవలోకి దించుతుంటే జారిపడి తుంటి విరిగింది. అప్పట్నుంచి ఆవిడ పామర్రులో కూతురి దగ్గరే. నా చేతి కాఫీ తప్ప తాగని మనిషి, ఫోన్‌లో ఆఁ, ఊఁ దాటి నాతో మాట్లాడరు. నొప్పి వల్లేమో అనుకున్నాను. ఒకసారి ఆడపడుచు "జాడీలు క్షేమమేనా వదినా" అంటే, పచ్చడి కావాలేమోనని ఓ సీసా పంపాను కూడా.

అంటే ఈ కథ ఇవాళ పుట్టింది కాదు.

సత్యశ్రీ నా వైపు తిరిగింది. "ఏమీ అనుకోకండమ్మా, అప్పుడు మీకేమనిపించింది? హెచ్చరిక విని కూడా మనుషులు ఎందుకు కదలరో పిల్లలకు చెప్పాలి కదా."

"అది మాస్టారినే అడగాలమ్మా" అన్నాను. "నాదీ ఒక డౌటు సార్. ఈ కథ అత్తయ్యకు కూడా ఇలాగే చెప్పారా?"

ఈయన కదలని కొండను సర్దారు. "ఇంటికెళ్లి మాట్లాడుకుందాంలే."

"ఇంటి సంగతి ఇక్కడికి తెచ్చింది మీరేగా."

"ఏదో, పాఠం రక్తి కట్టాలని..."

"పాఠం ఇవాళ్టిది. ఆవిడకెందుకు చెప్పారు?"

నవ్వులు ఆగిపోయాయి. ఈయన గొంతు తగ్గించారు. "ఆస్పత్రిలో నొప్పితో అల్లాడిపోతోంది. ఎవరి వల్లరా ఇంత ఆలస్యం అని అడిగింది. నీ పేరు చెప్పేశాను. తర్వాత మార్చడం కుదర్లేదు."

"ఇన్నాళ్లూ నేను ఫోన్ చేసినప్పుడల్లా పక్కనే కూర్చుని విన్నారు కదండీ."

జల్లెడ బల్ల మీద పెట్టాను.

"నీళ్లు మీరే పోసుకోండి. నేను పామర్రు బస్సెక్కుతా. నా మాట ఆవిడ నమ్మరు, అయినా చెప్పొస్తా."

గుమ్మం దాకా వెళ్లాను. వెనక ఫోన్ రింగవుతున్న చప్పుడు. స్పీకర్‌లో పెట్టినట్టున్నారు, అత్తగారి గొంతు హాలంతా వినబడింది.

"ఏరా కోటీ, క్లాసు లేదా?"

"క్లాసులోనే ఉన్నానమ్మా. అందరూ వింటున్నారు." నేను గుమ్మంలోనే ఆగాను. "ఆ రోజు బయల్దేరదామని మొత్తుకున్నది నీ కోడలు. అక్కర్లేదన్నది నేను. నీతో అబద్ధం చెప్పాను. తప్పు నాదమ్మా."