చీకటి పడేదాకా ఆట

మలయాకి తెల్లవాళ్ళ పాలన పోయే మెర్దేకా రోజు సాయంత్రం రబ్బరు ఎస్టేటులో జరిగే ఫుట్‌బాల్ ఆటలో తననీ ఆడనివ్వమని బంగారయ్య తనంతట తానే వెళ్ళి అడిగాడు. ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. అందుకే ఎస్టేటు ఆఫీసు మెట్ల మీద చాలాసేపు నిలబడి, లోపల టైపు మిషను చప్పుడు ఆగాక వెళ్ళాడు.

జట్టుని చూసుకునే గుమాస్తా సీతారాం అతని మోకాలి వైపు చూశాడు. బాగానే ఉందని బంగారయ్య అబద్ధం చెప్పాడు. స్వాతంత్ర్యం వచ్చే రోజున కాదనడం ఎందుకనుకున్నాడో ఏమో, ఎడమ పక్క నిలబడమన్నాడు సీతారాం. పరుగులన్నీ కుడి పక్క గోపాలకృష్ణ చూసుకుంటాడనీ, పెద్దాయన వచ్చిన బంతిని ఆపితే చాలనీ అన్నాడు.

బంతిని ఆపడమే బంగారయ్యకి వచ్చిన విద్య. జపానువాళ్ళు వెళ్ళిపోయిన ఏడాది జట్టులో చేరాడు. గోలుకి ముందు ఇద్దరు బ్యాకులు. ఒకడు తను, రెండోవాడు కాంతయ్య. గోలు కొట్టినవాడి పేరు కూలీల లైను ఇళ్ళలో వారం పొడుగునా వినిపించేది. ఆపినవాడి పేరు ఆ పూటకే మర్చిపోయేవారు. దానికి ఇద్దరూ బాధపడలేదు. ఒకడు బంతి మీదికి వెళ్తే రెండోవాడు వెనక ఉంటాడు. అరుచుకోనక్కర్లేదు, తిరిగి చూసుకోనక్కర్లేదు. పెళ్ళాం పురిట్లోనే పోయిన బంగారయ్యకి లోకంలో అంత దగ్గరి మనిషి ఇంకొకరు లేరు.

తర్వాత కమ్యూనిస్టుల తిరుగుబాటు, దాంతో ఎమర్జెన్సీ వచ్చాయి. అడవిలో ఉన్నవాళ్ళకి బియ్యం అందకూడదని ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె కట్టారు. మైదానం కంచె బయట ఉండిపోయింది. గేటు పక్కన వేలాడదీసిన రైలుపట్టా ముక్కని తెల్లవారుజామున కొడితే పనికి లేవాలి. సాయంత్రం కొడితే ఎక్కడివాళ్ళు అక్కడ అన్నీ వదిలేసి కంచె లోపలికి రావాలి. ఆ ఏళ్ళలో ఒక్క ఆటా పూర్తి కాలేదు. బంతి కాలి కింద ఉన్నా సరే, పట్టా మోగితే వదిలేసి పరుగెత్తేవారు.

ఒక సాయంత్రం రబ్బరు చెట్లలోకి పోయిన బంతి కోసం కాంతయ్య వెళ్ళాడు. పట్టా మోగింది. అందరితో పాటు బంగారయ్యా పరుగెత్తాడు. గేటు దాటాక తిరిగి చూస్తే కాంతయ్యని సిపాయిలు లారీ ఎక్కిస్తున్నారు. అడవిలోవాళ్ళ మనిషని కొన్నాళ్ళు ఎక్కడో జైల్లో ఉంచి, ఆ మీదట ఓడెక్కించి విశాఖపట్నం పంపేశారని తెలిసింది. కాంతయ్య పుట్టింది ఇక్కడి బంటింగ్‌లోనే. విశాఖపట్నం ఏ దిక్కున ఉందో కూడా అతనికి తెలీదు.

కర్ఫ్యూ ఎత్తేసి, మైదానంలో నడుమెత్తు పెరిగిన గడ్డి కోసేసరికి బంగారయ్య కాళ్ళు బరువెక్కాయి. కొత్త కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళ చీలమండలకి గుడ్డలు చుడుతూ గట్టు మీద కూర్చునేవాడు. ఒక్క ఆట మొదలు నుంచి చివరిదాకా ఆడి ఆపెయ్యాలన్నదే అతని కోరిక. దాన్ని ఎవరితోనూ అనలేదు.

మెర్దేకా సాయంత్రం మైదానం చుట్టూ కాగితం జెండాలు కట్టారు. క్వాలా సెలంగోర్ నుంచి వచ్చిన జట్టు మొదట్లోనే ఒక గోలు కొట్టింది. తర్వాత ఎస్టేటు జట్టూ ఒకటి కొట్టి సమం చేసింది. బంగారయ్య బాగానే ఆడుతున్నాడు. రెండుసార్లు బంతి లాక్కున్నాడు. రెండోసారి గట్టు మీంచి ఎవరో అతని పేరు పెట్టి అరిచారు కూడా. పొద్దు వాలుతోంది. ఇంకో పావుగంట ఉందనగా బంతి మెత్తగా అతని అరికాలి కిందికి వచ్చి ఆగింది.

అప్పుడు పట్టా మోగింది.

ఎస్టేటు దొర ఇచ్చిన మిఠాయి పంచడానికి పిల్లల్ని పిలుస్తూ కాపలా పకీరిసామి కొట్టాడది. బంగారయ్యకి ఆ ఆలోచన రాలేదు. అసలు ఏ ఆలోచనా రాలేదు. కాలు బంతి మీంచి లేచింది. ఒళ్ళు గేటు వైపు తిరిగింది. నవ్వులు చెవిన పడేసరికి మైదానం గీత దగ్గరికి వచ్చేశాడు. వెనక అవతలి జట్టువాడు ఒంటరిగా నడుచుకుంటూ వెళ్ళి బంతిని గోల్లో వేసుకున్నాడు.

"ఏటి మావా, మిఠాయికే?" అన్నాడు గోపాలకృష్ణ. ఉక్రోషంతో వాడి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "ముందు సెప్తే నానే తెచ్చిపెడుదును గదా."

గట్టు మీద ఎవడో, ముసలాయనకి ఆకలేసింది లా, అని మలాయి పలుకు కలిపి అన్నాడు. మళ్ళీ నవ్వులు.

ఆట సాగింది. ఆ తర్వాత సొంత జట్టువాళ్ళెవరూ అతనికి బంతి ఇవ్వలేదు. గోపాలకృష్ణ రెండు పక్కలా తనే పరుగెత్తాడు. బంతి సరిగా కనపడనంత మసక పడ్డాక ఈల వేశారు. ఆట మొత్తం అయిపోయింది. అందులో చివరిదాకా బంగారయ్య ఉన్నాడు.

సీతారాం దగ్గరికి వెళ్ళి, ఇంక తను ఆడనని చెప్పాడు. అదేం మాటయ్యా అంటాడేమోనని ఒక క్షణం నిలబడ్డాడు.

"సర్లే, నీ ఇష్టం," అని సీతారాం అవతలి జట్టువాళ్ళని లారీ ఎక్కించడానికి వెళ్ళిపోయాడు.

కంచె తీసేసినా గేటు స్తంభాలు ఇంకా ఉన్నాయి. అక్కడ పక్కింటి కూర్మమ్మ మిఠాయి పొట్లంతో నిలబడి ఉంది. అతను తల దించుకుని దాటబోతే పిలిచింది.

"ఒరే తమ్ముడా. నానూ లెగిసినాన్రా."

అతనికి వెంటనే అర్థం కాలేదు.

"పట్టా మోగినప్పుడు. మనవణ్ణి సంకనెట్టుకుని, సెప్పులొగ్గేసి నాలుగడుగులు నడిచినాను. ఆడు ఏడిస్తే అప్పుడు తెలిసినాది."

"ఇంకెవరైనా లేచినారా అప్పా?"

"ఎవులు సూసినారు? సిగ్గేసి కూకుండిపోనాను."

పొట్లంలోంచి ఒక లడ్డూ తీసి అతని చేతిలో పెట్టింది. గేటుకి దగ్గర్లోనే ఉన్న ఇంట్లోంచి మనవడు పిలిస్తే లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట గట్టు మీద, నవ్వుతున్నవాళ్ళ మధ్య ఆమె ఒక్కసారి అని ఉంటే బాగుండునని బంగారయ్యకి అనిపించింది. తలుపు కొట్టి చెబుదామనుకున్నాడు, కొట్టలేదు. తన గదికి వెళ్ళి లడ్డూ గూట్లో పెట్టి, దీపం వెలిగించకుండానే కాళ్ళ కట్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు.