చెమ్మ డాక్టరింట్లో బూజు

గోడకి చెమ్మ ఎక్కినా, పైపు లోపలెక్కడో కారుతున్నా, బాత్రూము మూలలు నల్లగా బూజు పట్టినా ఆ పేటలో అందరూ కబురు పెట్టేది ఒక్కడికే. అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది, అందరికీ అతను చెమ్మ డాక్టరే. వచ్చి గోడకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "ఇక్కడ కాదమ్మా, ఆ పై మూల" అనేవాడు. పగలగొట్టి చూస్తే పగులు అక్కడే ఉండేది.

తన ఇంట్లో వెనక గది గోడ మీద మాత్రం అరచేతంత మరక ఒకటి ఏళ్ళ తరబడి కాపురం చేస్తోంది. భార్య అడిగినప్పుడల్లా "అది చెమ్మ కాదే, నీడ" అనేవాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మనవాడు రచ్చ ముందుగానే గెలిచేసి, ఇంటి సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాడు.

అతని అత్తగారు సైన్సు టీచరుగా పనిచేసి రిటైరైంది. స్కూల్లో ప్రయోగశాల మూసేసినప్పుడు అందులో ఉన్న రెండు చెట్టుకప్పల్ని ఎవరూ వద్దంటే తనే ఇంటికి తెచ్చుకుంది. పచ్చగా, నున్నగా ఉండే ఆ రెంటిలో పెద్దదానికి హెడ్మాస్టారనీ, ఊరికే ఎగిరే చిన్నదానికి డ్రిల్లు మాస్టారనీ పేర్లు పెట్టింది. మేడ మీద వాటాలో వాటితోనే ఒంటరిగా ఉండేది. మొన్నామధ్య మెట్ల మీద జారిపడింది. ఎముకలేవీ విరగలేదు గానీ, ఆ రోజునుంచీ ఫోను మోగితే చాలు కూతురి గుండె గుభేలుమంటోంది.

"అమ్మని తెచ్చేసుకుందామండీ," అంది భార్య. "నాకు నిద్ర పట్టట్లేదు."

"అడగాలా? నేనే వెళ్ళి తీసుకొస్తా," అన్నాడు అతను.

అత్తగారు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "ముందు చుట్టపుచూపుగా వస్తాను. మీ ఇంట్లో నా కప్పలకి పడితే ఉంటాను. పడకపోతే మా చెల్లెలింటికి పోతాను," అంది. ఆ చెల్లెలి ఇల్లూ మేడ మీదే. ఆ మెట్లు ఇంకా నిటారు. భార్య మొహం వాడిపోయింది. చెమ్మ డాక్టరు మాత్రం చొక్కా చేతులు పైకి మడిచాడు.

"కప్పలకి కావలసింది తడి. తడి గురించి నాకు చెప్పేవాడు పుట్టలేదు," అన్నాడు.

ఎవరో బాగుచేయించుకున్న బాత్రూములోంచి తీసేసిన గాజుపలకలు షెడ్డులో ఉన్నాయి. వాటిని కోసి, అంచులు నూరి, నిలువుగా పెద్ద గాజుపెట్టె కట్టడం మొదలెట్టాడు. లోపల ఏం వెయ్యాలో అత్తగారు ఫోనులో చెప్పేది. అతను ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని పని చేసుకుంటూ వినేవాడు.

"అడుగున గులకరాళ్ళు పోద్దామనుకుంటున్నానండీ. చూడ్డానికి బావుంటాయి."

"పైకి కనబడేలా రాళ్ళొద్దు అల్లుడుగారూ. పురుగుని పట్టబోయి రాయి మింగుతాయి. ఆ తర్వాత కడుపులోంచి అది బయటికి రాదు."

"అయితే మా పెరట్లో మట్టి? బ్రహ్మాండమైన మట్టి."

"దాంట్లో ఎరువు వేశారా?"

"మా ఆవిడ వేస్తుంది."

"వద్దు. కప్ప నోటితో నీళ్ళు తాగదు, ఒంటితో తాగుతుంది. తడిగా ఉన్నదాని మీద కూర్చుంటే, అందులో ఏది కలిసుంటే అది దాని ఒంట్లోకి పోతుంది."

ఆఖరికి తేలింది ఇదీ: అన్నిటికన్నా అడుగున, కాల్చిన తేలికపాటి మట్టి గుండ్లు, ఎక్కువైన నీరు దిగి నిలవడానికి. వాటి మీద మట్టి జారిపోకుండా సన్నటి వల. ఆ పైన కొబ్బరిపీచు పొడి, చెట్టు బెరడు ముక్కలు, నలగ్గొట్టిన కట్టెబొగ్గు, కాస్త ఎండు నాచు కలిపిన మిశ్రమం. అన్నిటి మీదా ఎండుటాకులు. ఇదంతా వింటూనే అతని మొహం వెలిగిపోయింది.

"అంటే డాబా మీద తోట వేసినట్టే! నీరు దిగేచోటు వేరు, వేరు పట్టేచోటు వేరు. అర్థమైపోయిందండీ," అన్నాడు. ఎవరూ అడక్కుండానే అడుగున చిన్న కుళాయి కూడా బిగించాడు, నిలిచిన నీరు తీసెయ్యడానికి. ఆ కుళాయి చూసుకుని అతను పడ్డ మురిపెం అంతా ఇంతా కాదు.

మట్టి తడి చూడటం అతనికి ఒక్కసారి చెబితే వచ్చేసింది. పిడికిట్లోకి తీసుకుని గట్టిగా నొక్కితే వేళ్ళ సందుల్లో ఒకటీ అరా చుక్క కనబడాలి, ధార కట్టకూడదు. ఆ పిడికిలి బిగించి భార్య దగ్గరికి వెళ్ళి, "చూడు, కరెక్టుగా చుక్క!" అన్నాడు. ఆవిడ కూరలు తరుగుతోంది. "ఆ చేత్తో నా గిన్నె ముట్టుకోకండి," అంది, నవ్వుతూనే.

అత్తగారు ఒక డబ్బా పంపింది. అందులో నలకలంత తెల్లపురుగులు బొగ్గుముక్కల మీద పాకుతున్నాయి. "ఇవి మట్టిలో వదలండి. కొత్తలో కర్రకీ బెరడుకీ తెల్లగా బూజు పడుతుంది, కంగారు పడకండి. వీటికి అదే తిండి," అంది ఫోనులో.

పెట్టెకి బూజు పడుతుందన్న మాట చెమ్మ డాక్టరు చెవిలో ములుకులా గుచ్చుకుంది. వేరేవాళ్ళ పెట్టె అయితే సరే, అతను కట్టిన పెట్టెకా? షెడ్డులో బాత్రూము మూలలకి వాడే సిలికాను జిగురు గొట్టం ఉంది, అతని దగ్గరున్న సరుకుల్లోకెల్లా మేలైనది. ఏళ్ళు గడిచినా దాని మీద బూజు చుక్క పుట్టదు. గాజు అంచులన్నీ దాంతోనే అతికించాడు. వెనక గోడకి దట్టంగా పూసి, దాని మీద బెరడు చెక్కలు అద్ది, సందుల్లో కొబ్బరిపొడి చల్లాడు. వాసన పోయేదాకా ఆరబెట్టి, మట్టి పోసి, ఫెర్ను మొక్కలూ పాకే తీగలూ నాటి, పురుగుల్ని వదిలాడు. చూసిన ప్రతివాళ్ళూ అడవి ముక్క కోసుకొచ్చి పెట్టినట్టుందన్నారు. అది నిజమే.

అత్తగారు ఒక బట్టల పెట్టె, ఒక చేతికర్రతో దిగింది. తడి కాగితాలు పరిచిన చిల్లుల డబ్బాలో హెడ్మాస్టారూ డ్రిల్లు మాస్టారూ దిగారు. కాళ్ళు కడుక్కుని, కాఫీ కూడా ముట్టకుండా ఆవిడ గాజుపెట్టె ముందు కూర్చుంది. భూతద్దం తీసింది. చెమ్మ డాక్టరు చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు, మెచ్చుకోలు కోసం.

"నీరు దిగడానికి కుళాయి పెట్టారా! ఇది నాకెప్పుడూ తట్టలేదు," అంది ముందు. అతను పొంగిపోయాడు.

కాసేపయ్యాక, "బూజేదీ?" అంది.

"రాదండీ. ఒక్క చుక్క కూడా రాదు. నాది పూచీ."

ఆవిడ చెయ్యి లోపల పెట్టి ఎండుటాకులు పక్కకి తప్పించింది. బెరడు ముక్క ఒకటి తిరగేసింది. తెల్లపురుగులు ఉన్నాయి, కదలట్లేదు. వేలికొనకి అంటించుకుని భూతద్దంలో చూసింది.

"వెనక గోడకి ఏం పూశారు?"

అతను పరుగున వెళ్ళి గొట్టం తెచ్చి ఇచ్చాడు. అప్పటికీ గర్వంగానే ఇచ్చాడు. ఆవిడ దాని మీద అక్షరాలు చదివి గొట్టాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

"బూజుని చంపే మందు ఇందులోనే కలిపారు అల్లుడుగారూ. అది తడిలోకి దిగింది. కప్పల్ని వదిలి ఉంటే అవీ దాన్నే తాగేవి."

చెమ్మ డాక్టరు గొట్టం వంక, తన చేతుల వంక చూసుకున్నాడు. ఒంటితో తాగుతాయని ఆవిడ చెబితే విన్నది ఆ చెవులే, గొట్టం నొక్కింది ఆ చేతులే. ఇన్నేళ్ళ పనిలో అతను అంతగా సిగ్గుపడ్డ రోజు లేదు.

అత్తగారు కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది. "పోనీలెండి, మంచికే చేశారు. ఈ ఇల్లు నా కప్పలకి పడదులెండి. రేపు చెల్లెలికి ఫోన్ చేస్తాను," అంది. గుమ్మంలో నిలబడ్డ భార్య చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి అతను ముందుకొచ్చాడు.

"ఇల్లు పడకపోవడమేంటి అత్తయ్యగారూ? తప్పు గొట్టానిది కూడా కాదు, నాది. ఇదంతా పీకేస్తాను. కొత్త గాజు, కొత్త మట్టి, అన్నీ కొత్తవి. ఇన్నాళ్ళూ ఊరందరి బూజూ వదిలించినవాణ్ణి, నా ఇంట్లో బూజు తెప్పించలేనా? తెప్పించి చూపిస్తా. చూపించలేకపోతే మీ చెల్లెలింటికి నేనే దింపుతాను."

అత్తగారు అతని మొహంలోకి పరీక్షగా చూసింది, లెక్క తప్పినా మళ్ళీ చేస్తానన్న పిల్లవాణ్ణి చూసినట్టు. "సరే. అందాకా మీ వెనక గదిలో ఉంటాను. నా బట్టల పెట్టె మాత్రం సర్దను," అంది.

గోకితే పోతుందిగా, గాజన్నా మిగుల్చుకోమన్నారు తోటి పనివాళ్ళు. అతను వినలేదు. సందులో ఏ కాస్త మిగిలినా మిగిలినట్టే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని వాళ్ళు నవ్వితే, "తొక్కాను, కడుగుతున్నాను, మీకేం?" అన్నాడు. కొత్త పలకలు తెచ్చి, చేపల తొట్లకి వాడే మందు కలవని సిలికానుతో అతికించాడు. ఈసారి ప్రతి గొట్టమూ, ప్రతి సంచీ ముందు అత్తగారి చేతిలో పెట్టాడు. ఆవిడ చదివి తలూపితేనే విప్పేవాడు. పాత కుళాయిని మాత్రం మరగబెట్టి మళ్ళీ బిగించాడు. అది వదులుకోవడానికి మనసొప్పలేదు.

కొత్త పురుగుల్ని వదిలాక ఎదురుచూపులు మొదలయ్యాయి. పొద్దున్నే పళ్ళు కూడా తోముకోకుండా పెట్టె దగ్గరికెళ్ళి వంగేవాడు. పనికి వెళ్ళినచోట బాత్రూముల మూలల్లో గుబురుగా పెరిగిన బూజు చూసి, "నిన్ను ఇక్కడికి ఎవడు రమ్మన్నాడే?" అని విసుక్కునేవాడు. ఇంట్లో గాజుపెట్టె మాత్రం శుభ్రంగా ఉండేది. కప్పలు ఇంకా చిల్లుల డబ్బాలోనే, అత్తగారు రోజూ మార్చే తడి కాగితాల మీదే ఉన్నాయి. వెనక గదిలో అత్తగారి పెట్టె తాళం వేసే ఉండేది. ఆవిడ చీర కావలసినప్పుడు తాళం తీసి, చీర తీసుకుని, మళ్ళీ వేసేది. ఆ తాళం చప్పుడు విన్నప్పుడల్లా భార్య చేస్తున్న పని ఆపేది.

ఒక పొద్దున వంటింట్లో ఉన్న తల్లీకూతుళ్ళకి ఇల్లు ఎగిరిపోయేంత కేక వినబడింది.

"వచ్చింది! బూజొచ్చింది! రండి రండి!"

బెరడు ముక్క అంచున పిల్లికూన మీసాలంత తెల్లటి పోగులు. వాటి మధ్య నలకలంత పురుగులు తీరిగ్గా మేస్తున్నాయి. చెమ్మ డాక్టరు మోకాళ్ళ మీద కూలబడి, గాజుకి ముక్కు ఆనించి, పసిపిల్లవాడిలా నవ్వుతున్నాడు. పక్కింటాయన గోడమీంచి తొంగిచూసి, "బూజొస్తే సంబరమేంటయ్యా, నీకేమైనా అయిందా?" అన్నాడు. "అయింది. మా అత్తగారు ఉంటారు," అన్నాడు అతను.

అత్తగారు తొందరపడలేదు. పురుగులు పిల్లల్ని పెట్టి, బూజు తిని, బెరడు మళ్ళీ శుభ్రపడేదాకా ఆగింది. అప్పుడు డబ్బా మూత తీసింది. హెడ్మాస్టారు పెద్దమనిషి తరహాలో ఆకు మీదికి పాకి కూర్చున్నాడు. డ్రిల్లు మాస్టారు ఒక్క గెంతులో వెనక గోడెక్కి, కొత్త బెరడుకి పొట్ట ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. ముగ్గురూ గాజు దగ్గరికి వంగి చూశారు. దాని గొంతు కింద చర్మం నింపాదిగా ఆడుతోంది.

ఆవిడ చేతికర్ర ఊతంతో లేచి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"అల్లుడుగారూ, నా గదిలో గోడ మీద ఉన్నది నీడ కాదు. ఎప్పుడు బాగుచేస్తారు?"

"చెమ్మేనండీ," అన్నాడు చెమ్మ డాక్టరు, ఏళ్ళ తర్వాత మొదటిసారి ఒప్పుకుని. "ఇవాళే చేస్తాను."

భార్య అప్పటికే వెనక గదిలోకి వెళ్ళింది. "అమ్మా, నీ పెట్టె తాళం చెవి ఎక్కడా?" అన్న గొంతు వినబడింది. అత్తగారు నడుము దగ్గర దోపుకున్న తాళం చెవి తీసి, కర్ర ఠకఠకలాడించుకుంటూ తనే తీసుకెళ్ళి ఇచ్చింది.