గడప నుంచి ఐదువందల అడుగులు

ఈస్టర్ మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మెర్కిల్‌టన్ ఊరి పోలీసు లైల్ బజ్, చర్చి గడప దగ్గర కొలత చక్రం ఆనించి, దాన్ని దొర్లించుకుంటూ పడమటికి బయల్దేరతాడు. పొడుగాటి కర్ర, దాని చివర చక్రం, చక్రం పక్కన అంకెలు తిరిగే చిన్న డబ్బా. మెయిన్ రోడ్డు దాటి, మంగలి షాపు దాటి, ట్రాక్టర్ టైర్ల కొట్టు దాటి, మాజీ సైనికుల హాలు మెట్టుకి చక్రం తగిలాక ఆగుతాడు. అంకె చూసి చొక్కా జేబులోని పుస్తకంలో రాసుకుంటాడు. ఇరవై రెండేళ్ళుగా ఏటా ఇదే పని.

చర్చికి ఐదువందల అడుగుల లోపు ఏ బహిరంగ స్థలంలోనూ డాన్సు చేయకూడదని ఊరి చట్టం. ఊళ్ళో మనుషులు గుమిగూడదగ్గ చోట్లన్నీ ఆ ఐదువందల అడుగుల లోపే ఉన్నాయి. మరి ఒకసారి కొలిచింది చాలదా అంటే, చాలదు. చర్చి కదులుతుంది. వసంతంలో నేల మెత్తబడగానే ఓ ఏడు జానెడు, ఓ ఏడు మూరెడు తూర్పుకి జరుగుతుంది. అక్టోబరులో గోధుమ విత్తడం అయ్యాక మగవాళ్ళు నాలుగు ట్రాక్టర్లు తెచ్చి, గొలుసులు కట్టి, దాన్ని పాత పునాది రాళ్ళ మీదికి లాగుతారు. ఆడవాళ్ళు కోడి వేయించి, బంగాళాదుంప సలాడ్ కలిపి తెస్తారు. క్రిస్మస్ తర్వాత ఊళ్ళో అంత సందడి ఆ రోజే.

వందేళ్ళ కిందట చట్టం వచ్చినప్పుడు ఊళ్ళో ఉన్న డాన్సు హాలుని విప్పేసి, ఆ మేపుల్ చెక్కలతోనే చర్చికి నేల వేశారు. మంచి చెక్కని పారేయడం మా ఓక్లహోమాలో ఎవరికీ చేతకాదు. ఆ చెక్కల వల్లే కదులుతుందని కొందరూ, అదంతా బంకమట్టి మహిమని కొందరూ అంటారు. ఎవరేమన్నా అక్టోబరులో కోడి మాత్రం అందరూ తింటారు.

ఆ ఏడు హాలు మెట్టు మీద లైల్ అక్క వెర్లీన్ కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళు బడి వంటగదిలో పనిచేసి రిటైరైన మనిషి. ఖాళీగా కూర్చోవడం ఆవిడకి రాదు. ఆ పొద్దున మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని చక్రం వచ్చేదాకా చూస్తూ కూర్చుంది.

"ఎంతొచ్చిందిరా?"

"నాలుగువందల ఎనభై తొమ్మిది."

"సరిగ్గా దొర్లించావా? దారిలో ఏమైనా వంకర పోయావేమో."

"వంకర పోతే ఎక్కువ రావాలక్కా, తక్కువ కాదు. నీ కోసమని ఈసారి వంకరగానే వచ్చాను."

పదకొండు అడుగులు తక్కువ. వెర్లీన్ లేచి, స్కర్టు దులుపుకుని, మొగుడి మందుల వేళైందని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆవిడ మొగుడు ఆర్విల్ నలభై ఏళ్ళు ఈ చుట్టుపక్కల బోరుబావులు తవ్వాడు. రెండేళ్ళ కిందట చేతికి వణుకు మొదలైంది, తర్వాత గొంతు సన్నబడింది, ఈ చలికాలం నుంచీ కాళ్ళు నిలిచిపోతున్నాయి. నడుస్తూ నడుస్తూ ఏ గుమ్మం దగ్గరో ఆగిపోతాడు. తల వెళ్ళమంటుంది, కాళ్ళు వినవు. పార్కిన్సన్స్ అన్నారు. జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఓ రోజు అతను అలా నిలిచిపోయినప్పుడు ఫోన్‌లో వాల్ట్జ్ పాట, అంటే మూడు దెబ్బల జోడీ డాన్సు పాట, పెట్టింది. ఆర్విల్ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ గది ఆ చివరికి వెళ్ళిపోయాడు. వెర్లీన్ అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

"వారానికి మూడు రోజులు డాన్సు చేయించండి," అంది ఆ అమ్మాయి. "చెక్క నేల మీద, జోడీగా. మానేస్తే చలికాలానికల్లా చక్రాల కుర్చీ తప్పదు."

వాళ్ళుండేది రేకు పెట్టెలాంటి ట్రెయిలర్ ఇల్లు. మంచానికీ పొయ్యికీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడవాలి, పైగా తివాచీ కాళ్ళకి అడ్డం పడుతుంది. ఆసుపత్రి నలభై మైళ్ళు. వెర్లీన్ కళ్ళకి హైవే మీద ఎదురొచ్చే లారీ ఒకటా రెండా తెలియదు. ఊళ్ళో చెక్క నేల ఉన్నవి రెండే, చర్చీ, హాలూ.

మే నెల మొదటి మంగళవారం సాయంత్రం ఊరి కౌన్సిల్ ముందు వెర్లీన్ నిలబడి ఈ సంగతంతా చెప్పింది. డాన్సు అని దాచకుండా డాన్సు అనే అంది.

చర్చి పెద్ద క్లోవిస్ ప్రూట్ ముందుగా గొంతు సవరించుకున్నాడు. ఊళ్ళో పెద్ద ట్రాక్టర్ అతనిదే, పెద్ద గొంతూ అతనిదే. "వ్యాయామం అని రాసి పెట్టుకోరాదా సిస్టర్? ఎవరడుగుతారు?"

"ఈ వయసులో నాకు అబద్ధాలు నేర్పుతావా క్లోవిస్? నీకు మూడో తరగతిలో మధ్యాహ్నం అన్నం పెట్టింది నేను."

పాస్టర్ హార్మన్ టీగ్ కఠినుడు కాడు. మెల్లగా మాట్లాడతాడు, జబ్బుపడ్డ ప్రతి ఇంటికీ వెళతాడు. "సిస్టర్ వెర్లీన్, ఇవాళ మందు కోసం అంటాం. రేపు పెళ్ళి కోసం అంటారు. ఎల్లుండి ఏ కారణమూ లేకుండా ఆడతారు."

"ఆడితే ఏమవుతుంది బ్రదర్?"

పాస్టర్ ఆర్విల్ కూర్చున్న వైపు చూశాడు. "మా స్టోరు గదిలో అమ్మ వాడిన చక్రాల కుర్చీ ఉంది. కొత్తదానిలాగే ఉంది. రేపే మీ ఇంటికి పంపుతాను," అన్నాడు. నిజంగా మంచి మనసుతోనే అన్నాడు.

వెనక వరసలోంచి ఆర్విల్ ఏదో అన్నాడు. గొంతు సన్నం కదా, అందరూ మాటలు ఆపాల్సి వచ్చింది.

"మీ అమ్మగారు అందులో కూర్చోవడం చూశాను బ్రదర్. లేవడం చూడలేదు."

పాస్టర్ తల వంచుకున్నాడు. ఓట్లు మూడు, రెండు. వెర్లీన్ ఓడిపోయింది. ఆర్విల్‌ని గుమ్మం దాటించడానికి ఆ రోజు పావుగంట పట్టింది.

తర్వాతి ఆదివారం వాళ్ళు మామూలుగానే చర్చికి వచ్చారు. కోపాలు ఉంటే ఉంటాయి గానీ, మా ఊళ్ళో ఆదివారం చర్చి మానేస్తే చచ్చిపోయారేమోనని ఇంటికి జనం వస్తారు. ఆర్విల్ నాలుగు మెట్లూ బాగానే ఎక్కాడు, గడప మీద నిలిచిపోయాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. వెనక జనం ఆగారు. క్లోవిస్, అతని వెనక అతని అత్తగారు, ఆ వెనక కార్ల దాకా వరస.

"తొందరేం లేదు ఆర్విల్," అన్నాడు క్లోవిస్, తొందరగా.

లోపల పాస్టర్ భార్య లవాడా ఆర్గన్ వాయిస్తోంది. ఆవిడ తలెత్తి గుమ్మం వైపు ఒకసారి చూసింది. మళ్ళీ పుస్తకంలోకి తల దించి, అదే స్తుతి పాటని మూడేసి దెబ్బల లెక్కలోకి మార్చింది. మొదటి దెబ్బ మీద కొంచెం ఎక్కువ నొక్కింది.

అప్పుడు చర్చి కదిలింది. నేల కుడికి ఓ అంగుళం జరిగింది. ఆర్విల్ బరువు కుడికాలి మీదికి వెళ్ళి, ఎడమకాలు తేలికపడి లేచింది. నేల ఎడమకి జరిగింది, కుడికాలు లేచింది. ఒకటి, రెండు, మూడు. వెర్లీన్ అతని రెండు వేళ్ళు పట్టుకుంది, అంతే. బెంచీల మధ్య దారిలో అతను తన చోటు దాకా వెళ్ళాడు. క్లోవిస్ అత్తగారు "ఈ ఏడు ఆలస్యంగా మొదలెట్టింది," అని గొణిగి తన బెంచీలో కూర్చుంది.

ఎప్పుడూ జానెడో మూరెడో జరిగి ఆగే చర్చి ఆ రోజు ఆగలేదు. ప్రసంగం జరిగినంతసేపూ కదులుతూనే ఉంది. పాటల పుస్తకాలు బెంచీల మీద ఇటూ అటూ జారాయి. పాస్టర్ రెండు చేతులతో బల్ల పట్టుకుని ప్రసంగం పూర్తి చేశాడు. ఆ రోజు ఏం చెప్పాడో ఎవరికీ గుర్తు లేదు, ఆయనకి కూడా.

తలుపు తీస్తే బయట మెట్లు లేవు. అవి పాత చోటే ఉండిపోయి, చర్చి మాత్రం తూర్పుకి వచ్చేసింది. మగవాళ్ళు కిందికి దూకి, ఆడవాళ్ళని చేయిచ్చి దింపారు. ఆర్విల్‌ని లైల్, క్లోవిస్ చెరో పక్కా పట్టి దింపారు. ఆ తర్వాత లైల్ కారు దగ్గరికెళ్ళి కొలత చక్రం తెచ్చాడు.

జనమంతా అతని వెనకే హాలు దాకా నడిచారు. లైల్ ఈసారి తిన్నగా దొర్లించాడు.

"ఐదువందల రెండు."

"మెట్ల దగ్గర్నుంచి కొలవాలి," అన్నాడు క్లోవిస్. "లేదా పాత రాళ్ళ దగ్గర్నుంచి."

"చట్టంలో గడప అని ఉంది. రాసింది మీ ముత్తాతగారు."

"అయితే రేపే ట్రాక్టర్లు తెస్తాను. లాగి పడేస్తే సరి."

అందరూ పాస్టర్ వైపు చూశారు. ఆయన రోడ్డు పక్కన చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డ ఆర్విల్‌ని చూస్తున్నాడు. అలాగే చూస్తూ, "లాగేది అక్టోబరులో కదా," అన్నాడు. "నేల ఇంకా మెత్తగా ఉంది. ఇప్పుడు లాగితే గోడలు విడిపోతాయి."

అలా అక్టోబరు దాకా గడువు దొరికింది.

మంగళ, గురు, శనివారాలు పొద్దున పదింటికి వెర్లీన్, ఆర్విల్ హాల్లో వాల్ట్జ్ ఆడారు. మొదటి వారం లవాడా చేతిసంచితో వచ్చి, ఇంట్లో ఎండ ఎక్కువగా ఉందనీ ఇక్కడి పియానో మీద ఆదివారం పాటలు సాధన చేసుకుంటాననీ చెప్పింది. ఆవిడ సాధన చేసిన పాటలన్నీ మూడు దెబ్బలవే. జూలైలో క్లోవిస్ అత్తగారు మోకాళ్ళ నొప్పులకి మంచిదట అంటూ వచ్చింది. ఆగస్టుకల్లా ఆరు జంటలయ్యాయి, అందులో సగం మందికి ఏ నొప్పీ లేదు. పాస్టర్ భయపడ్డట్టే అయింది. కాకపోతే పిడుగు పడలేదు, కాపురాలు కూలలేదు. ఆర్విల్ మాత్రం ఇంట్లో గుమ్మాలు దాటుతున్నాడు. వెర్లీన్ రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. సెప్టెంబరులో వంట చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి పొయ్యి ఆపేసి కూర్చునేది.

అక్టోబరు రెండో శనివారం నాలుగు ట్రాక్టర్లు వచ్చాయి. గొలుసులు బిగించారు. బల్లల మీద గిన్నెలు సర్దారు. పాస్టర్ చెయ్యి ఎత్తితే లాగాలి, దించితే ఆపాలి, అది పద్ధతి. ఆయన పాత రాళ్ళ పక్కన నిలబడి క్లోవిస్ ఇంజను వేడెక్కేదాకా ఆగాడు. తర్వాత చెయ్యి ఎత్తబోయాడు.

హాలు తలుపు తెరుచుకుంది. ఆర్విల్ మెట్టు దిగాడు. చేతిలో కర్ర లేదు. పక్కన వెర్లీన్, అతని రెండు వేళ్ళు పట్టుకుని. పాటేమీ లేదు, ఆవిడే పెదాలతో లెక్కపెడుతోంది. టైర్ల కొట్టు దాటారు, మంగలి షాపు దాటారు. మెయిన్ రోడ్డు మీద ఓ పాలట్యాంకరు ఆగి దారిచ్చింది. ఆర్విల్ తిన్నగా కాకుండా, ఓసారి కుడికీ ఓసారి ఎడమకీ ఊగుతూ వచ్చాడు. ట్రాక్టర్లు ఒకదాని తర్వాత ఒకటి ఇంజన్లు ఆపేశాయి.

చర్చి ముందు ఎండాకాలంలో పేర్చిన సిమెంటు దిమ్మలు ఎక్కి, గడప దగ్గరికి వచ్చాడు. వెర్లీన్ వేళ్ళు వదిలేసింది. ఊరంతా ఆ కాళ్ళనే చూసింది.

ఆర్విల్ గడప దాటి లోపలికి వెళ్ళిపోయాడు.

పాస్టర్ చెయ్యి గాల్లో సగంలో ఉంది. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. "మా అమ్మ ఆ కుర్చీలో పదకొండేళ్ళు కూర్చుంది," అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియకుండా. తర్వాత గట్టిగా, "క్లోవిస్, గొలుసులు విప్పు," అన్నాడు.

"మరి ఇంత దూరం ట్రాక్టర్ తెచ్చింది ఎందుకు బ్రదర్?"

"మెట్లకి కట్టు."

క్లోవిస్ కాసేపు స్టీరింగ్ మీద వేళ్ళు ఆడించాడు. లోపల లవాడా ఆర్గన్ మొదలుపెట్టింది. అతను దిగి, చర్చికి కట్టిన గొలుసు విప్పి, మే నెల నుంచీ పాత చోట ఒంటరిగా నిలబడి ఉన్న నాలుగు మెట్లకి తగిలించాడు. ఊళ్ళో పెద్ద ట్రాక్టర్ ఆ మెట్లని పదమూడు అడుగుల పైచిలుకు ఈడ్చుకొచ్చి గడపకి ఆనించింది. భోజనాల వేళ ఆర్విల్ వాటి మీంచే దిగి వచ్చి, కోడి తొడముక్క అడిగాడు.