చలి మీదికి తోసిన తప్పు

వేలి కొసకు తగిలించే చిన్న క్లిప్పును నేను. నాలోని ఎర్రటి వెలుగు వేలిగుండా పోతుంది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో నా తీగ చివరి తెర మీద అంకె పడుతుంది. అంకె తొంభైకి దిగితే మోగుతాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే.

ఒక జిల్లా ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేశాక, యుద్ధం రాగానే కొండల్లోని సైనిక వైద్య గుడారానికి చేరాను. అక్కడి చలికి గాయపడ్డవాళ్ల వేళ్లు కొయ్యబారిపోయేవి. నెత్తురందని వేలి మీద నేను తడబడి ఊరికే మోగేదాన్ని. ఆ తప్పు నాదే. దాంతో వాళ్లకో అలవాటైంది. నేను మోగగానే నర్సు ఎలీశమ్మ మోత ఆపేసి, వేడినీళ్లు నింపిన రబ్బరు గ్లౌజు రోగి చేతిలో పెట్టేది.

"అత్తగారు మొదలెట్టింది సార్," అనేది నా సణుగుడు చూసి.

"వేడినీళ్లు ఇవ్వమ్మా, ఊరుకుంటుంది," అనేవారు మత్తు డాక్టరు పరాంకుశం గారు.

ఒక మధ్యాహ్నం సింహాద్రి అనే సిపాయిని తెచ్చారు. తుంటిలో తూటా. "మళ్లీ లేస్తాను కదండీ?" అన్నాడు.

"లేపే పూచీ నాది నాయనా," అని డాక్టరు గారు దేవుణ్ణి తలుచుకుని మత్తిచ్చారు. గొంతులో గొట్టం వేసి, సంచి నొక్కుతూ గాలి పంపుతున్నారు.

మధ్యలో సర్జను చేతికందేలా మనిషిని కాస్త కిందికి జరిపారు. తల ముందుకు వంగింది. గొట్టం లోపలికి జారి, గాలి ఒక్క ఊపిరితిత్తికే పోసాగింది. ఎనభై ఎనిమిది. మోగాను. ఎలీశమ్మ నా నోరు నొక్కి గ్లౌజు తెచ్చింది. ఎనభై ఒకటి. వేలు రుద్దారు. వెచ్చబడింది కూడా. డెబ్బై నాలుగు. నన్ను రెండో చేతికి మార్చారు. అక్కడా అదే చెప్పాను. వేలు కాదు, గొట్టం చూడండి అనడానికి నాకు అంకెలు తప్ప మాటల్లేవు.

చివరికి ఎలీశమ్మ ముఖం మీది గుడ్డ తొలగించింది. "సార్, పెదాలు నల్లబడ్డాయి."

డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టారు. ఎడమవైపు గాలి చప్పుడే లేదు. గొట్టం కొంచెం వెనక్కి లాగారు. అంకె మెల్లగా ఎక్కింది.

సాయంత్రం సింహాద్రి కళ్లు తెరిచాడు. డాక్టరు గారు చేతులు జోడించి, "దేవుడే పెదాల మీద కనబడి చెప్పాడమ్మా," అన్నారు. ఎలీశమ్మ ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. ఆ వెంటనే డాక్టరు గారు రిజిస్టరులో 'పరికరం నమ్మదగినది కాదు' అని రాసి నన్ను స్టోరుకు పంపేశారు.

ఇప్పుడు తుక్కు పెట్టెలో ఉన్నాను. దేవుడే చెప్పాడంటే కాదనను, నాకూ నమ్మకం ఉంది. ఒక్కటే అంతుపట్టడం లేదు. పెదాల మీద పలికిన దేవుడు, అంతకు ముందు నాలుగు నిమిషాలు నాలోంచి పలకలేదని వీళ్లెలా తేల్చుకున్నారు?