నలభై మూడు అక్షరాలు

పోశవ్వ తల స్కాన్ రెండు గంటలకు పూర్తయింది. జైనూర్ దగ్గరి ఊళ్లో పొద్దున మెట్ల మీంచి పడి రెండుసార్లు వాంతి చేసుకుంటే, కొడుకు కొండల్ మంచిర్యాలలోని స్కానింగ్ సెంటర్‌కు తెచ్చాడు. తలలో నెత్తురు గడ్డకట్టిందో లేదో హైదరాబాద్ డాక్టర్ చూసి చెప్పాలి. వాళ్లకు చివరి బస్సు నాలుగుంబావుకి.

మూడు వందల పన్నెండు చిత్రాలు. వాటిని హైదరాబాద్ సర్వర్‌కు పంపే ప్రోగ్రాం టెక్నీషియన్ సృజన రాసింది. ఈరోజు సర్వర్ రానివ్వలేదు. మూడుసార్లు నడిపింది. మూడుసార్లూ అనుమతి లేదంది.

హైదరాబాద్‌లో ఆ సర్వర్ చూసుకునే ముకర్రంకు ఫోన్ చేసింది.

"సర్వర్‌లకు రానిచ్చే మీ తాళంచెవి ఫైలు నేనే బంద్ పెట్టిన," అన్నాడతను. "మీ వాట్సాప్ గ్రూపుల ఉన్నదట. పని మానేసిన మీ పాత ఆపరేటరే నాకు పంపి ఇదేందని అడిగిండు."

సృజన రిసెప్షన్‌లో ఉన్న రాజం వైపు చూసింది.

"ఆదివారం నువ్వు పెండ్లికి పోయినవ్ గద," అన్నాడు రాజం. "పని ఆగద్దని గ్రూపుల పెట్టిన."

"ఇగో, ఆగింది రాజన్నా."

"మరి గా బొమ్మలు నా ఫోన్ నుంచి వాట్సాప్‌ల పంపుత."

"తాళంచెవి పెట్టింది చాలదా? ఇగ అవ్వ తలకాయ గూడ గ్రూపుల పెడ్తవా?"

ఆమె కొత్త తాళంచెవుల జత తయారు చేసింది. ఒకటి తన కంప్యూటర్ దాటకూడదు. రెండోది సర్వర్‌లో పెట్టాల్సింది, దాన్ని ముకర్రంకు మెయిల్ చేసింది. మెయిల్ ఒక్కటే నమ్మనన్నాడు, అది ఆమె పంపిందేనని తేల్చే గుర్తును ఫోన్‌లో చదవమన్నాడు. నలభై మూడు అక్షరాలు. ఇరవై దగ్గర లైన్ కట్టయింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. అన్నీ సరిపోయాక ముకర్రం దాన్ని సర్వర్‌లో పెట్టాడు, చిత్రాలు వెళ్లడం మొదలైంది.

"మేడమ్, బస్సు," అన్నాడు కొండల్.

"రిపోర్ట్ లేకుంట తీస్కపోతవా?"

కొండల్ కూర్చున్నాడు.

చివరి చిత్రం వెళ్లేసరికి నాలుగూ ఐదు నిమిషాలైంది. రిపోర్ట్ నాలుగూ నలభైకి వచ్చింది. నెత్తురు గడ్డ లేదు. ఇంటికి పోవచ్చు.

"ఏం లేదవ్వా," అంది సృజన.

"మరి బస్సు బిడ్డా?"

రాజం బండి తాళం తీసుకున్నాడు. "మా ఇల్లు దగ్గర్నే. పొద్దుగాల ఫస్ట్ బస్సు నేనే ఎక్కిస్త."

పోశవ్వ లేచింది. "కూరేం వండిండ్రు?"

వాళ్లు వెళ్లాక సృజన రిసెప్షన్ కంప్యూటర్‌లో ఇంకో తాళంచెవుల జత తయారు చేసింది. దానికి రాజం పేరు పెట్టింది. ముకర్రంకు ఫోన్ చేసి, నలభై మూడు అక్షరాలు చదవడం మొదలుపెట్టింది.