ఇంటి కుప్ప

అప్పలరాజు వంగి ఇసుక చదును చేస్తున్నాడు. కుక్కలు తవ్విన గుంటలు పూడ్చి, ఎండిన పాచీ గాజుపెంకులూ ఏరి పారేసి, చెక్కముక్కతో ఇటునుంచి అటు గీకి, మీద సముద్రపు నీళ్ళు చల్లాడు. పడవ వచ్చేసరికి ఈ చోటు సిద్ధంగా ఉండాలి. ఇక్కడే అతను కూర కుప్పలు పెడతాడు. ఎడమ మోకాలు పడవకీ ఇంజనుకీ మధ్య నలిగాక పేటలో అతనికి మిగిలిన పని ఇదొక్కటే. దాన్ని కలెక్టరు ఉద్యోగంలా చేస్తాడని అందరూ ఏడిపిస్తారు. ఏడిపిస్తే ఏడిపించారుగానీ, అతను చదును చేసిన చోట ఎవరూ కాలు పెట్టరు.

పట్టిన చేపల్లో మేలైనవి వేలానికి పోతాయి. అంతకుముందే కూరకని కొన్ని పక్కకు తీసి, పడవలో వెళ్ళినవాళ్ళ ఇళ్ళకు ఒక్కో కుప్ప పెడతారు. ఇంటిపేరు కాదు, ఇంటి మనిషి పేరు పెట్టి పిలుస్తాడు అప్పలరాజు. "నూకరాజు ఇల్లు!" అంటే నూకరాజు పెళ్ళాం గిన్నె పట్టుకుని వస్తుంది. పెళ్ళికానివాడి కుప్పకు తల్లి వస్తుంది. ఇవి కాక, పడవను ఒడ్డుకి లాగేటప్పుడు తాడు పట్టినవాళ్ళుంటారు. వాకింగుకు వచ్చినవాళ్ళు, దారినపోయేవాళ్ళు, పనిలేని ముసలివాళ్ళు. వాళ్ళకు పక్కన ఇసుకలో ఇన్ని చేపలు విసిరేస్తారు. వాటిని తాడు చేపలంటారు. అవి ఏరుకున్నవాడు పరాయివాడని పేటలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

ఈ కుప్ప అంటే ఏమిటో అప్పలరాజుకు ఒకరు చెప్పనక్కర్లేదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అతని భార్య చిట్టమ్మ తల వంచుకుని ఇక్కడే నిలబడింది. అప్పట్లో కుప్పలు పెట్టే ముసలాయన "అప్పలరాజు ఇల్లు!" అని గట్టిగా పిలిచి ఆమె గిన్నెలో చేపలు వేశాడు. తాళి కట్టినరోజు భయంతో ఏడుపొచ్చిందనీ, చేపలు అందుకున్ననాడే తనకో ఇల్లుందని అనిపించిందనీ చిట్టమ్మ ఇప్పటికీ చెబుతుంది.

చెక్కముక్క పక్కన పెట్టి అప్పలరాజు సముద్రం వైపు చూశాడు. పడవ ఇంకా దూరంగా ఉంది. తెల్లవారుజామున అదే పడవ ఎక్కబోతూ కన్నబాబు అతని దగ్గర ఆగాడు.

"మావా, ఇయ్యాల్టి నుంచి నా కుప్పకి వాసు వత్తాడు. నీ సేత్తో ఎయ్యి."

"నువ్వే తీసుకోరాదేట్రా?"

"నాను ఏటకెల్లేవోణ్ణి. ఇల్లు సూసుకునేది ఆడు. అమ్మ తీసుకున్నట్టే ఆడు తీసుకుంటాడు. నువ్వు పేరెట్టి పిలిత్తే ఇంకెవుడూ మాటాడడు మావా."

"సర్లేరా, ఎల్లు," అన్నాడు అప్పలరాజు. చుట్టుపక్కల ఎవరూ లేరు కాబట్టి ఆ మాట సులువుగానే వచ్చింది.

వాసుది గోపాలపట్నంలో టైర్ల షాపులో పని. కొన్నేళ్ళుగా కన్నబాబు ఇంట్లోనే ఉంటున్నాడు. కన్నబాబు తల్లి అతన్ని "మా సిన్నోడు" అనేది. ఆమె మంచాన పడ్డాక గుడ్డలుతికిందీ, అన్నం తినిపించిందీ అతనే. ఆమె బతికున్నంతకాలం పేటకు ఒక సౌకర్యం ఉండేది. స్నేహితుడంట, గదిలో ఉంటున్నాడంట అని సరిపెట్టుకునేవారు. ఆమె పోయాక ఆ ముసుగు కూడా పోయింది. టీకొట్టు దగ్గర టీవీలో ఇలాంటివాళ్ళ పెళ్ళిళ్ళ గురించి ఎవరో ఒకరు అరుస్తుంటే, ఇక్కడ ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకోవడం మొదలైంది. ఓ రోజు అప్పలరాజు కూతురు సాయిదుర్గ విసుక్కుంది. మద్దిలపాలెంలో బట్టలషాపులో పనిచేస్తుంది ఆ పిల్ల. "నేరం కాదని కోర్టే అంది నాన్నా. మజ్జిలో మీకేటి బాద?"

"నానేటన్నాను? నాకేటీ లేదు," అన్నాడు అప్పలరాజు. పుట్టి బుద్ధెరిగాక అతను ఎక్కువసార్లు అన్న మాట అదే. పేటలో ఏ తగువు వచ్చినా అతనికేటీ లేదు. ఎక్కువమంది ఏ పక్కనుంటే మెల్లగా ఆ పక్కకు జరిగి నిలబడేవాడు. దాన్ని మంచితనం అనుకున్నారు జనం. అతనూ అదే అనుకున్నాడు.

పడవ ఒడ్డుకు తగిలింది. కేకలు, తాడు, జారే కాళ్ళు. పడవ యజమాని అబ్బులు అంచుమీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఆడవాళ్ళు గిన్నెలతో వరసగా నిలబడ్డారు. అప్పలరాజు కుప్పలు పెట్టసాగాడు. కానాగంతలు అన్నింటికీ సమంగా, గులివిందలు ఇంటికి ఇన్నని. చివరి కుప్ప మీద, వేలానికి పోవాల్సిన ఒక చిన్న చందువ కూడా ఉంచాడు. మొదటిరోజు కదా అనుకున్నాడు. ఆ క్షణంలో అతని ఉద్దేశం మంచిదే.

అప్పుడు వాసు వచ్చాడు. బక్కపలచటి మనిషి, ముప్పయ్యేళ్ళుంటాయి. ఎంత తోమినా పోని టైర్ల నలుపు గోళ్ళలో ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తడి తల దువ్వుకుని, స్టీలు గిన్నె పట్టుకుని వరస చివర నిలబడ్డాడు.

"కన్నబాబు పెళ్ళాం వచ్చిందర్రా, సోటియ్యండి!" అంది అబ్బులు భార్య.

గొల్లుమన్నారు. ఎవరో ఫోను పైకెత్తి వీడియో తీయడం మొదలెట్టారు. వాసు చెవులు ఎర్రబడ్డాయిగానీ అతను కదల్లేదు. పడవ పక్కన వల సర్దుతున్న కన్నబాబు తలెత్తలేదు. చేతులు మాత్రం ఆగాయి. అప్పలరాజుకు కూడా నవ్వొచ్చింది. ఎక్కిళ్ళు వచ్చినట్టు, అతన్ని అడక్కుండానే వచ్చింది.

ఒక్కో ఇల్లూ పిలిచాడు. ఒక్కో గిన్నే నిండింది. గిన్నెలు నిండినవాళ్ళు కూడా వెళ్ళకుండా నిలబడ్డారు. ఆఖరి కుప్ప మిగిలింది. వాసు ముందుకొచ్చి గొంతుక్కూర్చుని రెండుచేతులా గిన్నె పట్టాడు.

"ఏటి రాజూ, ఆలోసిత్తన్నావ్?" అన్నాడు అబ్బులు, కళ్ళెగరేసి. "పిలు మరి. ఎవులిల్లో పిలు!"

'కన్నబాబు ఇల్లు' అంటే అయిపోయేది. కుప్పలు పెట్టేవాడు పిలిచాక కాదన్నవాడు ఈ ఒడ్డున ఇంతవరకూ లేడు. అబ్బులు కూడా నాలుగు మాటలు గొణుక్కుని ఊరుకునేవాడు. ఆ సంగతి అప్పలరాజుకు తెలుసు. తెలిసే, చేపలు రెండు చేతుల్లోకీ తీసుకుని లేచి, తాడు పట్టినవాళ్ళు నిలబడ్డ పక్కకు విసిరేశాడు.

"నువ్వా పక్కకెల్లు బాబూ. తాడు పట్టినోల్లకి అక్కడే," అన్నాడు.

చందువ బోర్లా పడింది. అప్పలరాజు గబగబా బుట్టలోంచి మరో దోసెడు తీసి అక్కడే పోశాడు. ఏ ఇంటికీ అన్ని చేపలు వెళ్ళలేదు. వాసు ఆరోజు తాడు పట్టనే లేదు. ఖాళీ గిన్నెతో లేచి వెళ్ళి ఒక్కొక్క చేపా ఏరి, ఇసుక దులిపి గిన్నెలో వేసుకున్నాడు.

"సాల్లే మావా," అన్నాడు. వెళ్ళిపోయాడు.

అబ్బులు వచ్చి అప్పలరాజు భుజం తట్టి టీ తాగించాడు. అతను తాగాడు. ఆ టీ వద్దనలేకపోయినందుకు తర్వాత చాలాసేపు తనను తాను తిట్టుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి కబురు అతనికంటే ముందే చేరింది. చిట్టమ్మ కంచంలో అన్నం పెట్టి ముందుకు తోసింది. కూర వెయ్యలేదు.

"తక్కువిచ్చానేటే? ఎక్కువే ఇచ్చాను," అన్నాడు.

"కాలిరిగినప్పుడు ఆటోలోకి నిన్ను ఎత్తినోడెవుడు? కట్టు మార్పించడానికి టైర్ల పని మానేసి తీసుకెల్లినోడెవుడు?" అంది చిట్టమ్మ. కోపంగా అన్నా బాగుండేది, మెల్లగా అంది. "ఆ ముసిలాయన ఆ రోజు నన్నూ పక్కకెల్లమనుంటే ఏటయ్యేది నా బతుకు?"

అప్పలరాజు అన్నం ముట్టకుండా లేచి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. సిగ్గేసింది. ఎవరో చూస్తున్నారని వేసే సిగ్గు అతనికి అలవాటే, జీవితమంతా దానికి భయపడే నడిచాడు. ఇది అది కాదు. ఎవరూ చూడని చోట, దుప్పటి ముసుగులో కూడా తగ్గలేదు. ఎవరేమంటారోనని ఎన్నిసార్లు ఎంతమందిని పక్కకు విసిరేశాడో లెక్క పెట్టడానికి ధైర్యం చాలలేదు.

ఎండ తగ్గాక లేచి కన్నబాబు ఇంటివైపు నడిచాడు. అనాల్సిన మాటలు దారంతా కూర్చుకున్నాడు. సందు మొదట్లోనే ఆటో కనిపించింది. వెనక సీట్లో మూటలమధ్య వాసు, ఒళ్ళో స్టవ్వు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురింటి ముసలమ్మ అరుగుమీద చేపలు తోముతోంది. చందువను చూసి అప్పలరాజు గుర్తుపట్టాడు.

తల్లి ఫొటోను తువ్వాలులో చుడుతూ కన్నబాబు బయటికొచ్చాడు.

"ఎక్కడికిరా?"

"దువ్వాడలో రైలెక్కుతాం మావా. గుజరాత్‌లో వేరావల్ ఎల్తన్నాం. అక్కడ బోట్లలో మనోల్లున్నారు."

"అంత దూరమేట్రా?" అప్పలరాజు అతని దారికి అడ్డం వచ్చాడు. "రేపు పిలుత్తాన్రా. పేరెట్టి పిలుత్తాను. అబ్బులుగాడేటంటే అననీ."

"పిలుత్తావు మావా, నాకు తెలుసు. నువ్వు సెడ్డోడివి కాదు." కన్నబాబు ఫొటోను వాసుకు అందించి, అప్పలరాజు వైపు చూడకుండా అన్నాడు. "తక్కువిచ్చావని కూడా కాదు. ఎక్కువే ఇచ్చావు."

అప్పలరాజు ఆటో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. వాసు తల బయటపెట్టాడు.

"మోకాలికి నూని రాత్తన్నావా మావా?"

"రాత్తన్నాను బాబూ," అన్నాడు అప్పలరాజు. అబద్ధం. రాసి నెల దాటింది. తప్పయిపోయిందనడానికి నోరు తెరిచేలోపు డ్రైవరు బండి తీశాడు. ఆటో సందు మలుపులో చెత్తబండికి దారిచ్చి, మెయిన్‌రోడ్డు వైపు పోయింది.

ముసలమ్మ తలెత్తి అతన్ని చూసి మళ్ళీ చేపల మీదికి వంగింది. కన్నబాబు ఇంటి తలుపు తీసే ఉంది. గొళ్ళెం పెడదామని గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. లోపల ఊడ్చి శుభ్రంగా ఉంచారు. మేకులకు బట్టల్లేవు. మంచం గోడకు ఆనించి నిలబెట్టారు. పొయ్యిగట్టు మీద మాత్రం చిన్న గిన్నె ఒకటి మరిచిపోయారు. చేపల పులుసుకని పొద్దున్నే నానేసిన చింతపండు అందులో ఉబ్బిపోయి, ఎవరూ పిసకకుండా అలాగే ఉంది.